విందులో నా జొన్న రొట్టె

ఆదివారం

హుజూర్‌నగర్‌లో మా ఆయన అక్క ఇంట్లో విందు. అన్నం వద్దని, అందరి ముందే డబ్బా తెరిచి జొన్న రొట్టెలు తీశాను. "మా ఇంట్ల సన్నబియ్యం లేవనుకున్నవా? నలుగుట్ల ఇజ్జత్ తీస్తున్నవ్!" అని వదిన అరిచింది.

"బియ్యం మంచిగనే ఉన్నయి వదినా. నాకు షుగరున్నది. మా అమ్మ లెక్క కాలు తీయించుకోను," అన్నాను. తల దించుకోలేదు. రెండు రొట్టెలూ పాలకూర పప్పుతో కడుపు నిండా తిన్నాను.

వదినకూ షుగరే. వడ్డిస్తుంటే ఆమె కాలి బొటనవేలికి గుడ్డ కట్టు కనిపించింది.

"చెప్పు కరిసింది తియ్," అన్నది.

మా అమ్మ పుండు కూడా చెప్పు కరవడంతోనే మొదలైంది.

రేపు మళ్లీ పోతాను. ఎంత తిట్టినా వదినను దవాఖానకు తీసుకుపోతాను. డబ్బాలో ఈసారి నాలుగు రొట్టెలు.