పాప గుడ్డలకు అడిగిన చీరలు

హోసూరు,
ఆదివారం మధ్యాహ్నం

ప్రమీలక్కకి,

సుజాత వందనాలు. దేవుని దయవల్ల మేం ముగ్గురం బాగున్నాం. నువ్వు, బావగారు, పిల్లలు కులాసాగా ఉన్నారని తలుస్తున్నాను. బావగారి మోకాలి నొప్పి తగ్గిందా? ఫోను ఉండగా ఈ రోజుల్లో ఉత్తరం ఏంటని నవ్వుకుంటావేమో. ఫోనులో నేను ఒక మాట అనేలోపు నువ్వు పది అంటావు, లేదంటే సిగ్నల్ లేదని పెట్టేస్తావు. పోయిన ఆదివారం అదే చేశావు. కాగితాన్నైతే మధ్యలో ఆపలేవు. చివరిదాకా చదువు.

మేం బాగానే ఉన్నాం, కంగారు పడకు. ఇక్కడ చాలా రోజులుగా సరైన ఎండ లేదు. ఎప్పుడు చూసినా సన్నటి తుంపర, చలిగాలి. బాపట్లలో ఉక్కపోతకి విసుక్కునేదాన్ని, ఇప్పుడు ఆ చెమట కూడా గుర్తొస్తోంది. ఫోన్ల కంపెనీలో షిఫ్టంతా నిలబడే పని. క్యాంటీన్ సాంబారు తియ్యగా ఉంటుంది, అయినా తింటున్నాను. పక్క గదివాళ్లు మంచివాళ్లే కానీ మా మధ్య భాష లేదు. తల ఊపుకుంటాం, అంతే.

ప్రసవం సెలవు అయిపోగానే పాపని కంపెనీ పక్కనున్న పిల్లల సెంటర్లో దించి పనికి వెళ్లడం మొదలుపెట్టాను కదా. అక్కడ రోజంతా డైపరే. వారం తిరక్కుండా తొడల సందుల్లో చర్మం ఎర్రగా కందిపోయి, పొక్కులు లేచి, అవి పగిలి రసి కారడం మొదలైంది. నీళ్లు తగిలితే చాలు, ఊపిరి పట్టి ఏడ్చేది. డాక్టరమ్మ చూసి, "ఈ పాప ఒంటికి ప్లాస్టిక్ పడదమ్మా. నూలు గుడ్డలు వాడండి. బాగా ఉతికిన పాతవైతే ఇంకా మంచిది" అంది. అంగళ్లన్నీ తిరిగాను. బొమ్మలేసిన గుడ్డ న్యాపీలు ముద్దుగానే ఉన్నాయి, లోపల తడిమితే పాలిస్టరు. అప్పుడు అమ్మ చీరలు గుర్తొచ్చాయి. కొలకలూరు బడికి అమ్మ ఏళ్ల తరబడి కట్టుకెళ్లిన చీరాల నేత చీరలు. గంజి పెట్టి ఉతికి ఉతికి చేతిలో పట్టుకుంటే జారిపోయేంత మెత్తనయ్యాయి.

అమ్మ పోయాక అవన్నీ నీ దగ్గరే ఉన్నాయి కదా, నేను నిన్ను అడిగింది రెండంటే రెండు. నువ్వేమన్నావో నీకు గుర్తుందో లేదో, నాకు ప్రతి అక్షరం గుర్తుంది.

"అమ్మ చీరలు చించి పాప ముడ్డి కింద వేస్తావా? సిగ్గులేదే నీకు! అవే మనకి మిగిలిన జ్ఞాపకం. బీరువాలో దాచాను, వాటి జోలికి రాకు."

ఆ రోజు ఏడ్చాను అక్కా. నీ మీద కోపంతో కాదు, అక్క అన్నదే నిజం, నాకే బుద్ధి లేదని. ఆ తర్వాత నువ్వు పంపిన పెద్ద డైపర్ల పెట్టె వచ్చింది. పాపకి పడవని చెప్పినా అవే పంపావు. పోనీలే, అక్క ప్రేమ కొద్దీ పంపిందనుకున్నాను. ఆ పెట్టె ఇంకా మంచం కింద అలాగే ఉంది.

సరే, నూలే వాడదామనుకున్నాం. కోరా గుడ్డ కొని, ఉడకబెట్టి, అంచులు కుట్టి, కట్టడానికి పక్కల తాళ్లు పెట్టాను. సెంటర్లో ఆయమ్మ గుడ్డలైతే మార్చనంది. బతిమాలితే, మధ్యాహ్నం వచ్చి తడిసినవి పట్టుకెళ్లేటట్టయితే సరేనంది. కంపెనీ కారు తోలే మనిషి కదా మా ఆయన, రెండు ట్రిప్పుల మధ్య వచ్చి బకెట్‌లో తీసుకెళ్లి ఉతికి ఆరేస్తున్నాడు. మేడ మీద ఆరేస్తే ఇంటావిడ ఊరుకోలేదు. గదిలోనే తాళ్లు కట్టుకున్నాం. అన్నం తింటుంటే నెత్తిమీద తడిగుడ్డలు. ఎండ లేక ఆరవు, ఒక్కొక్కటీ ఇస్త్రీ పెట్టెతో ఆరబెట్టుకోవాలి. అయినా కొత్త కోరా గుడ్డ గరుకు కదా, పుళ్లు తగ్గినట్టే తగ్గి మళ్లీ ఒరుసుకునేవి.

అప్పుడే అత్తమ్మ రేపల్లె నుంచి మనవరాలిని చూడటానికి వచ్చింది. ఆమె గుమ్మంలో అడుగుపెట్టేసరికి ఆయన బాత్రూమ్‌లో కూర్చుని గుడ్డలు పిండుతున్నాడు.

"ఏంట్రా ఈ పని? నిన్ను ఇందుకా పెంచింది?" అని గొంతు లేపింది.

"నా కూతురివేగా అమ్మా" అని ఆయన పిండుతూనే ఉన్నాడు.

ఆ పూట ఆమె నాతో మాట్లాడలేదు. మర్నాడు నేను పాపకి నీళ్లు పోస్తుంటే వచ్చి పక్కన నిలబడింది. పుళ్లు చూసింది. తర్వాత మామూలుగానే అడిగింది.

"ఈ కోరా గుడ్డ ఎందుకు కట్టావమ్మా? మీ అమ్మ నూలు చీరలు బోలెడు ఉండేవిగా?"

"అక్క దాచిందండి, జ్ఞాపకంగా" అన్నాను.

"దాచడమేంటి? పోయిన వేసవిలో కర్లపాలెం పెళ్లికి వచ్చి మీ అక్కావాళ్లింట్లోనే దిగాను. నేనుండగానే స్టీలు సామాన్లవాడికి వేసేసిందిగా. పెద్ద బేసిన్, మూతగిన్నెలు ఇచ్చాడు. గట్టిగానే బేరమాడిందిలే మీ అక్క."

ఆమెకి చాడీ చెప్పాలని లేదక్కా. చూసింది చెప్పిందంతే. పోయిన వేసవంటే పాప ఇంకా నా కడుపులోనే ఉంది. అంటే నేను అడిగేనాటికే బీరువాలో ఏమీ లేదు. లేని చీరలు చూపించి నాకు సిగ్గులేదన్నావు.

నిన్ను అడుగుదామనే ఫోన్ చేశాను. "పాత గుడ్డల కోసం ఇంత రాద్ధాంతమా?" అని పెట్టేశావు. నాడు జ్ఞాపకాలైనవి నేడు పాత గుడ్డలైపోయాయి. ఇరుకిల్లు, సర్దుకోలేక వేసేశానని ఒక్క మాట చెప్పి ఉంటే ఊరుకునేదాన్ని. నీ ఇంటి సంగతి నాకు తెలియనిదా? అబద్ధం చెప్పి, పైగా నన్నే అమ్మంటే లెక్కలేనిదాన్ని చేశావు. మింగుడుపడనిది అదే.

అత్తమ్మ నా మొహం చూసి ఏమనుకుందో, సంచిలోంచి తను ఇంట్లో కట్టుకునే నూలు చీర తీసింది. అంచు పంటితో కొరికి, సర్రున రెండుగా చించింది. నేను వద్దండీ అంటుంటే, "చీరే కదమ్మా, ఏడవకు" అని, కిందకూర్చుని ముక్కలు చేస్తూ పోయింది. ఊరెళ్లాక తన తోటికోడలి దగ్గర ఇంకో రెండు అడిగి బస్సులో పంపించింది. ఇప్పుడు పాప ఒళ్లు మానింది. నిద్రపోతోంది కూడా. ఉద్యోగం మానాల్సిన పని లేకుండా పోయింది. ఇంటి దగ్గర గుడ్డలు, సెంటర్లో గుడ్డలు. కష్టంగానే ఉంది, జరిగిపోతోంది.

నీ డైపర్ల పెట్టె తిరిగి పంపుతున్నాను. మీ వీధిలో ఎవరికైనా పనికొస్తాయి.

పాప బాప్తిస్మం రేపల్లెలో, అత్తమ్మ వాళ్ల చర్చిలో పెట్టుకున్నాం. ముందు అనుకున్నట్టు బాపట్లలో మీ ఇంట్లో దిగడం లేదు. మాకోసం పరుపులు, మంచాలు సర్దొద్దు. పాపని ఎత్తుకుని పాస్టరుగారి ముందు నిలబడేది పెద్దమ్మే అని నేను అందరికీ చెప్పుకున్నాను. ఇప్పుడు అత్తమ్మ నిలబడుతుంది. నువ్వు రావద్దని అనను. చుట్టంలా రా. భోజనం చేసి వెళ్లు.

బావగారికి నా నమస్కారాలు. కొలకలూరు పెదనాన్నకి, దొడ్డమ్మకి మా వందనాలు చెప్పు. పిల్లలకి ముద్దులు. నా సంగతి అలా ఉంచి, పాపని మాత్రం దీవించు.

నీ చెల్లెలు,
సుజాత