పొట్టకొచ్చిన చేను

1979, జూలై 26

ఊడుపులు అయ్యాయి. నారు పల్చగా వచ్చినా అన్ని మళ్ళకూ సరిపోయింది. తమ్ముడు తాతబాబు పట్నం నుంచి రాలేదు. పోర్టులో డ్యూటీ మారిందట. మొన్న వచ్చినప్పుడు, కిందటేడు తాలే మిగిలింది, ఈ పంటా అలాగే పోతే ప్లాట్లకిచ్చీద్దామప్పా అన్నాడు. గింజ పడితే పొలం ఉంచుతాడు. సరే అన్నాను.

ఆగస్టు 19

కలుపు తీయించాను. తమ్ముడికి ఓడలిచ్చీసి నువ్వు వడ్లు ఉంచుకున్నావేటమ్మా అని కూలికొచ్చిన కాశమ్మ ఎకసెక్కం.

సెప్టెంబరు 8

దుబ్బు బాగా కట్టింది. అప్పన్న స్వామికి దీపం పెట్టాను.

సెప్టెంబరు 27

వాన లేదు. చేను పొట్టకొచ్చింది. ఒక పిలక విప్పి చూశాను, లోపల వెన్ను లేతగా ఉంది. ఇప్పుడు తడి లేకపోతే గింజ పాలుపోసుకోదు. చేని పక్క పారే గెడ్డలో ఇంకా కాసిని నీళ్ళున్నాయి. తోడడానికి ఆయిలింజను కావాలి. పట్నం పూర్ణా మార్కెట్‌కు కూరలు తీసుకెళ్ళే చలమయ్యతో తాతబాబు ఇంటికి కబురు పెట్టాను. పొట్టకొచ్చింది, నీళ్ళకి కష్టంగా ఉంది, బేగి రమ్మను, అంతే. ఇంజను సంగతి వాడికి వేరే చెప్పాలా.

సెప్టెంబరు 28, మధ్యాహ్నం

టాక్సీలో వచ్చాడు. వెనక మరదలు గౌరీశ్వరి, చేతిలో ఫ్లాస్కు, దుప్పటి. ఎక్కడప్పా నొప్పి, పెద్దాసుపత్రికి పోదాం పద అంటూ నా చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. అమ్మ పోయాక వాడి ఏడుపు చూడలేదు. నాకు బాగుంది. కాసేపు చెయ్యి వాడి చేతిలోనే ఉంచాను.

తర్వాత, పొట్టకొచ్చింది చేనురా అన్నాను.

గౌరీశ్వరి నవ్వు ఆపుకోలేక కూలబడింది. సలమయ్య అలాగ సెప్తే నీకు ఇరేచనాలనుకున్నాను వదినా అంది. తాతబాబూ నవ్వాడు. ఆపైన కోపం వచ్చింది. సరిగ్గా సెప్పొచ్చు కదప్పా, లీవెట్టి వచ్చీసాను అన్నాడు. ఈ మళ్ళలో పెరిగినవాడు.

ఇంజను అడిగాను. సూత్తాన్లే అన్నాడు. టాక్సీ ఆగి ఉందని అన్నం తినలేదు. ఇద్దరికీ వండిందంతా గిన్నెలోనే ఉంది.

అక్టోబరు 1

ఇంజను రాలేదు.

అక్టోబరు 4

బిందెలతో దిగువ మడికి పోస్తున్నాను. బిందిల్తో సేను తడుత్తాదేటమ్మా, నడుం ఇరిగిపోద్ది అని కాశమ్మ తిట్టింది. తిడుతూనే తనూ ఒక బిందె ఎత్తుకుంది.

అక్టోబరు 13

ఇంజను వచ్చింది. చేను ఈనేసింది. వెన్నులు తెల్లగా, నిటారుగా నిలబడ్డాయి. ఎగువ మళ్ళలో ఒక్కటీ గింజ బరువుకు తల వంచలేదు. అయినా నీళ్ళు పెట్టించాను. వచ్చిన నీళ్ళను ఎలా వద్దంటాం.

నవంబరు 21

నూర్పు అయింది. చేట ఎత్తితే గాలికి పోయేదే ఎక్కువ. దిగువ మడిది మాత్రం గట్టి గింజ, కాళ్ళ దగ్గరే పడింది. తాతబాబు నిలబడి చూశాడు. అన్న మాట ప్రకారమే ప్లాట్లకి కానియ్యరా అని నేనే అన్నాను.

డిసెంబరు 20

టేపు పట్టుకుని ఇద్దరు వచ్చారు. పొలానికి అడ్డంగా నడిచిపోతున్నారు. గట్టు మీంచి రండి బాబూ, చేను తొక్కకండి అని అరిచాను.

కోత అయి నెల దాటింది.