నల్ల చుక్కకు కుడిపక్కన

అక్టోబర్ 5, ఆదివారం

దసరా తర్వాత మొదటిసారి పంజాగుట్ట షూటింగ్ రేంజ్‌కి. అమీర్‌పేటలో షేర్ ఆటో ఎక్కితే నా ఎయిర్ రైఫిల్ పొడుగు సంచి చూసి డ్రైవర్ — "గిటారా అన్నా?"

"కాదు తమ్మీ, వీణ. ఒకటే తీగ. అదీ లోపల స్ప్రింగు."

నవ్వాడు. ఇవాళ్టి మంచి అక్కడితో సరి.

పది మీటర్ల దూరం. నల్ల చుక్క మధ్యలోకి గురి పెడితే పెల్లెట్ గుండు కుడిపక్కన, పైన. గురి చూసే స్కోప్ మర ఎడమకు తిప్పాను. మర్యాదగా ఎడమకే వచ్చింది. హమ్మయ్య అనుకునేలోపు మళ్ళీ కుడికి. ఈసారి కింద. పండగకు ముందు పెల్లెట్లన్నీ ఒకే చిల్లులో దూర్చిన తుపాకీ ఇది...

అక్టోబర్ 6

బయట ఊరి షూటింగ్ పోటీకి వచ్చే ఆదివారం సెలక్షన్. యాభై దాటినవాళ్ళ జట్టులో నాలుగు చోట్లు, మూడు నిండాయి. మిగిలిన ఒక్కదానికి నేను, మా రేంజ్‌లోనే కాల్చే రత్నం గారు.

చిన్నప్పుడు ఊళ్ళో బడిలో కబడ్డీ పెడితే ఆడేవాళ్ళ చొక్కాలు పట్టుకుని గీత బయట నిలబడేవాణ్ణి. ఎవరి చొక్కా ఎంత మాసిందో చెప్పగలను గానీ జట్టులో ఉండడం ఎలా ఉంటుందో చెప్పలేను. రేంజ్ గోడ మీద జట్టు జాబితాలో నాలుగో పేరు మల్లేశం... రాసి చూసుకుంటే బాగానే ఉంది.

అక్టోబర్ 7

పెల్లెట్ల డబ్బా మార్చాను. లాభం లేదు.

రాత్రి భోజనాల దగ్గర, నేను నడిపే హాస్టల్లో ఉండి సాఫ్ట్‌వేర్ కోచింగ్ తీసుకుంటున్న ఒకాయన సలహా — "ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి అంకుల్." రేపు పప్పు పలచన.

అక్టోబర్ 8

రేంజ్‌లో రత్నం గారు పక్క లైన్‌లో. ఆయన పెల్లెట్లన్నీ ఒక రూపాయి బిళ్ళ కింద దాగేలా ఉన్నాయి. నా గురి అట్ట చూసి —

"ఏంటండీ మల్లేశం గారూ, ముగ్గు వేస్తున్నారా?"

"చుక్కలే అయినయి సార్. గీతలు రేపు."

"పోనీలెండి, షూటింగ్ పోటీకి నేనెళ్ళొస్తా. మీరు రైల్వే స్టేషన్‌కొచ్చి చెయ్యి ఊపండి."

నవ్వాను. ఇంకో పెల్లెట్ ఎక్కించాను.

కోచ్ నస్రీన్ మేడం నా స్కోప్ తీసేసి, రేంజ్ స్కోప్ ఒకటి, రైఫిల్‌కు పట్టి ఉంచే అదే క్లాంపులతో బిగించింది. అదీ అంతే! కుడి, కింద, పైన. "చూసిన్రా మల్లేశ్ భాయ్? అద్దంది తప్పు కాదు. జర కిందికెల్లి చూసుకోండ్రి."

అయితే స్కోప్ నిర్దోషి. మూడు రోజులుగా దాని వంశాన్ని తిట్టాను.

అక్టోబర్ 9

దొరికింది!!

మధ్యాహ్నం హాస్టల్ వంటిల్లు ఖాళీ అయ్యాక బల్ల మీద పాత తువ్వాలు పరిచి, క్లాంపులు విప్పాను. రైఫిల్ పైన అవి పట్టుకునే గాడి ఉంటుంది కదా... గాడి నిండా పసుపు! గంధం కలిపిన పసుపు, ఎండి పెచ్చు కట్టింది. పక్కనే కుంకుమ. గోటితో గీకితే పొడిపొడిగా రాలుతోంది. క్లాంపు ఇనుమును పట్టుకోలేదు, పసుపును పట్టుకుంది. కాల్చిన ప్రతిసారీ స్ప్రింగు తన్నుడుకు స్కోప్ కాస్త జరుగుతోంది. నేను మరలు తిప్పుతూ దాని వెనక పరిగెత్తుతున్నాను.

దసరా నాడు ఆయుధపూజ. గ్రైండరు, స్కూటరు, గ్యాస్ పొయ్యి, వాటితోపాటు రైఫిల్. మా ఆవిడ సరోజను పిలిచి చూపించాను.

"నేనెందుకు పెడ్త గంత లోపటికి? స్కోపు ఎవలు ఇప్పిన్రు?"

నేనే విప్పాను. అద్దం మీద కుంకుమ పడుతుందని జాగ్రత్తగా తీసి బీరువాలో పెట్టింది నేనే. గాడి నోరు తెరుచుకుని ఉంటే ఆమె అక్కడే బొట్టు పెట్టింది. పూజయ్యాక తుడవకుండా, దండం పెట్టుకుని మరీ బిగించిందీ నేనే.

"మరి గిప్పుడు తుడుస్తే పాపం కాదా?" అన్నాను.

"పండుగ అయిపాయె. తుడువు. గ్యాస్ పొయ్యి నేను తుడువలేదా?"

అక్కడితో శాస్త్రం తేలిపోయింది.

అక్టోబర్ 10

పాత టూత్‌బ్రష్, సరోజ గోళ్ళరంగు తుడిచే మందు. గాడి తళతళ. క్లాంపు మరలు ఒక్కసారి కాకుండా అటు కొంచెం, ఇటు కొంచెం, కారు చక్రం బిగించినట్టు.

సాయంత్రం రేంజ్. మొదటిది — కుడి. మర తిప్పాను. రెండోది — చుక్కలో. మూడోది... అట్ట మీద కొత్త చిల్లు లేదు! దుర్భిణిలో చూస్తే పాత చిల్లే కొంచెం వెడల్పయింది. నాలుగోదీ అందులోకే. "మేడం!" అని ఎంత గట్టిగా అరిచానంటే పక్క లైన్ ఆయన గురి తప్పాడు. వెయ్యిసార్లు సారీ.

ఇంటికి నడిచే వచ్చాను. అట్ట జేబులో పెట్టుకుని.

అక్టోబర్ 11

ఏమీ ముట్టుకోలేదు. సరోజ రైఫిల్ దగ్గరికి వెళ్తే నేనూ వెళ్ళాను. "బూజు దులుపుతున్న, భయపడకు."

అక్టోబర్ 12, ఆదివారం. రేంజ్ బెంచీ మీద

పోటీ మధ్యలోనే రాస్తున్నాను, అక్షరాలు వంకర.

రత్నం గారు చర్చిలో పొద్దుటి ఆరాధనకే వెళ్ళొచ్చారు. "మీ స్కోప్ కోసం ప్రార్థన చేశానండీ. ఇంత తొందరగా వింటాడనుకోలేదు."

సమానం! ఇద్దరికీ వందకు తొంభై ఒకటి! మేడం చెరో ఐదు గుళ్ళు అంది, ఎవరికి ఎక్కువొస్తే వాళ్ళది చోటు. రత్నం గారు పెల్లెట్ పెట్టడానికి రైఫిల్ మడిచారు... లోపల టక్‌మని చప్పుడు. స్ప్రింగు విరిగింది. ఆయన ముఖం చూడలేకపోయాను.

మేడం — "ఎవరి రైఫిల్ వాళ్ళదే రూలు. వేరేది కావాలంటే అవతలాయన ఒప్పుకోవాలె."

అందరూ నావైపు. ఒక్క క్షణం, నిజంగా ఒక్క క్షణం, గోడ మీద నా పేరు కనిపించింది.

"నాది తీసుకోండి సార్."

"మీ కంటికి సరిచేసుకున్న జీరో నా కంటికి కుదురుద్దంటారా?"

"కుదరకుంటే నాకు ఫికరే లేదు."

నవ్వారు. తీసుకున్నారు. ఇప్పుడు కాలుస్తున్నారు.

మొదటిది పది. నా క్లాంపు కదల్లేదు! చప్పట్లు కొట్టబోయి ఆగాను. రెండోది పది. ఒరే మల్లేశం, ఇంత బాగా బిగించమని నీకెవరు చెప్పారు.

మూడు, తొమ్మిది. నాలుగు, పది. ఐదు... తొమ్మిది.

నలభై ఎనిమిది. నాకు నలభై తొమ్మిది రావాలి.

రైఫిల్ తెచ్చి రెండు చేతులతో ఇచ్చారు. "కుడికి ఒక్క వెంట్రుకంత పోతోందండీ, చూసుకోండి."

నిజమా? ఆయన కంటి తేడానా? లేక నన్ను తప్పుదారి పట్టించడమా? మర తిప్పాలా, వద్దా... మేడం నా పేరు పిలుస్తోంది.