రెండో ఉయ్యాల

భూపాలపల్లి,
13 నవంబరు 2025, గురువారం.

కైసర్ భాయ్‌కి,

నజియా సలాం. భాభీకి, పిల్లలకు కూడా చెప్పు. ఇక్కడ అందరం బాగున్నాం అని రాయాలనే కలం పట్టాను కానీ ఆ ముక్క రాయబుద్ధి కావడం లేదు. మా పక్కింటి పాపకు బాగాలేదు. ఫోన్ చేస్తే నువ్వు నా మాట సగంలోనే తుంచేస్తావు, అందుకే ఈ ఉత్తరం. మహబూబాబాద్‌లో నీ దుకాణంలో కూర్చుని, వెల్డింగ్ మిషన్ ఆపి, మొత్తం చదువు.

ఆదివారం సాయంత్రం మా అల్ఫియానూ, పక్కింటి సమ్మక్క మనవరాలు రక్షితనూ కాలనీ పార్కుకు తీసుకెళ్లాను. ఇద్దరికీ ఐదేళ్లు. రక్షిత వాళ్ల నాయిన బొగ్గుబావిలో పనికి పోతాడు, అమ్మ బట్టల దుకాణంలో చేస్తుంది. సమ్మక్కకు మోకాళ్ల నొప్పులు. అందుకని ప్రతి ఆదివారం ఇద్దరినీ నేనే తీసుకెళ్తాను. ముందు జారుడుబల్ల మీద దుమ్ము చల్లుకుని, ఇంకా జర్రున జారుతుందని కేకలు పెడుతూ ఆడారు. తర్వాత ఉయ్యాలలు. నువ్వు చేసి బిగించిన ఉయ్యాలలు. అల్ఫియా ఒకదాంట్లో, రక్షిత పక్కదాంట్లో.

“ఆంటీ, ఇంక జర గట్టిగ ఊపు, కాళ్లు గా కొమ్మకు తాకాలె” అంది రక్షిత. ఊపాను. మూడోసారి పైకి వెళ్లినప్పుడు గొలుసు కొక్కెం ఊడింది.

కింద ఇసుక ఉండాలి కదా భాయ్? నువ్వు సిమెంటు పోయించావు. ఇసుకైతే కుక్కలు పడుకుంటాయన్నావట. పాప మోచేతి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు నేను విన్నాను. నువ్వు వినలేదు. ఆటోలో ఒళ్లో పడుకోబెట్టుకుని దవాఖానకు పోతే, అక్కడి నుంచి వరంగల్ పంపారు. ఆపరేషన్ చేసి లోపల కడ్డీలు వేశారు. నిన్న ఇంటికి తెచ్చారు. ఆ చెయ్యి పూర్తిగా చాచగలుగుతుందో లేదో ఆరు నెలలు పోతే గాని చెప్పలేమన్నారు.

సోమవారం ఆ వరంగల్ దవాఖాన వరండాలో నిలబడి నీకు ఫోన్ చేశాను. నువ్వేమన్నావో గుర్తుందా? “పిల్లలన్నంక పడరా? ఎవడో పెద్దోడు ఎక్కి ఊగిండు, గందుకే ఊడింది. నువ్వైతే నా పేరు ఎక్కడ తియ్యకు.” పాప పేరేమిటని కూడా అడగలేదు నువ్వు.

నిన్న పార్కుకు పోయి ఆ కొక్కెం ఏరుకొచ్చాను. పసుపు రంగు గోరుతో గీకితే లోపలంతా తుప్పు. పాత ఇనుముకు రంగు పూసి కొత్తదని బిగించావు. జనగామలో మన అబ్బా ఏ గేటు చేసినా, ఇచ్చే ముందు తనే దాని మీదికెక్కి ఊగేవాడు. మనం నవ్వేవాళ్లం. “గేటు జూస్తే పిల్లలు ఎక్కకుండ ఉంటరా బేటా” అనేవాడు. ఆయన పక్కన నిలబడే కదా నువ్వు పని నేర్చుకున్నావు! పని రాక ఇట్లా చేసి ఉంటే నాకింత మంట ఉండేది కాదు. పని వచ్చి కూడా ఇట్లా చేశావు.

సమ్మక్క నా రెండు చేతులూ పట్టుకుని, “నువ్వేం జేస్తవ్ బిడ్డా, నువ్వు లేకుంటె నా మనుమరాలిని ఎవరు ఎత్తుకపోదురు” అని ఏడ్చింది. ఆ ఉయ్యాల చేసింది మా అన్నే అని ఆమెకు తెలియదు. నన్ను నాలుగు తిట్టినా బాగుండేది.

కాలనీవాళ్లు ఫిర్యాదు రాశారు. దగ్గరుండి చూసింది నేనే కాబట్టి ముందు నన్ను సంతకం పెట్టమన్నారు. పెట్టాను. పని చేసింది ఎవరో తెలియక వాళ్లు ఖాళీ వదిలిన చోట నీ పేరు నా చేత్తోనే రాశాను. భాభీ ఏడుస్తుందని తెలుసు. అయినా రాశాను.

ఇవాళ సాయంత్రం కూడా మిగిలిన ఉయ్యాల కోసం పిల్లలు కొట్లాడుకుంటున్నారు. దాన్ని తాడుతో స్తంభానికి కట్టేసి వచ్చాను. ఆ తాడు ఎన్నాళ్లుంటుంది? ఉత్తరం అందిన మర్నాడే రా. నువ్వు బిగించినవన్నీ నీ చేత్తోనే విప్పు. తర్వాత ఆ పాప ముందు కూర్చో. ఏం చెప్పాలో నేను నేర్పను. రాకపోతే మాత్రం మళ్లీ నా గడప తొక్కకు.

కోపంతోనే,
నీ చెల్లెలు
నజియా

తా.క.: శుక్రవారం పొద్దున. ఉత్తరం అంటించబోయి ఆగాను. ఇంతసేపూ నిన్ను తిట్టాను గాని ఒకటి దాచాను. ఆ కొక్కెం నోరు తెరుచుకోవడం పది రోజుల ముందే చూశాను. ఎవరికైనా చెబితే నీ పేరు బయటికొస్తుందని ఊరుకున్నాను. ఆదివారం అల్ఫియా ఆ రెండో ఉయ్యాల వైపే పరుగెత్తింది. చెయ్యి పట్టి వెనక్కి లాగి, మొదటిదాంట్లో కూర్చోబెట్టాను. రెండోదాంట్లో రక్షితను నేనే ఎక్కించాను. ఈ ఒక్కరోజుకు ఏం కాదులే అనుకున్నాను. నా బిడ్డ దగ్గర మాత్రం అలా అనుకోలేదు.

ఇప్పుడే పోయి సమ్మక్కకు అంతా చెప్పి వచ్చాను, నీ సంగతీ, నా సంగతీ. అప్పుడు రక్షిత నా ఒళ్లోనే కూర్చుని పాలు తాగుతోంది. సమ్మక్క లేచి వచ్చి, కట్టు కట్టిన చెయ్యి కదలకుండా మెల్లగా, పాపను నా ఒళ్లోంచి తీసుకుంది.