అమ్మ చూసిన మాటల్లేని సినిమా

శంషాబాద్,
ఆగస్టు 2011

వీరేందర్ అన్నకు,

అమ్మ గొంతు విని జనం నవ్వుతారని నువ్వు వద్దన్నా, శనివారం అమ్మను నేను పనిచేసే యూనివర్సిటీకి తీసుకెళ్లాను. అక్కడ నేను ఊడ్చే హాల్లో ప్రతి వారం దేశదేశాల సినిమాలు వేస్తున్నారు. ఆ రోజుది మాటల్లేని పాత సినిమా.

ఇంటి మీంచి పోయే విమానం మోత కూడా వినపడని అమ్మ, ఏ సినిమా చూసినా మన మొహాలు చూసి, మనం నవ్వాక నవ్వేది కదా. ఈసారి ఒక్కసారి కూడా నా వైపు తిరగలేదు. తెర మీద ఒక రైతు తాను అమ్మేసిన గుర్రాన్ని పట్టుకుని ఏడుస్తుంటే అమ్మా ఏడ్చింది. నేను సినిమా మానేసి అమ్మనే చూస్తూ కూర్చున్నాను. ఆ గుర్రం కొత్త యజమానిని బురదలో పడేసి ఇంటికి పరుగెత్తగానే, అందరికంటే ముందు అమ్మ పగలబడి నవ్వింది. హాలంతా వెనక్కి తిరిగింది. నేను సిగ్గుతో అమ్మ నోటి మీద చెయ్యి పెట్టబోయాను.

"నవ్వనివ్వమ్మా, నవ్వడానికే కదా వేశాం!" అన్నారు సినిమా వేసే సార్. ఇగ హాలంతా అమ్మతో పాటు నవ్వింది.

ఇంటికొచ్చాక అమ్మ ఆ కథంతా చేతులతో బాపుకు చెప్పింది. బాపు కళ్లార్పకుండా చూసి, "గిన్నేండ్లల్ల గిదే మొదలు బిడ్డా, మీ అమ్మ నాకు సినిమా కథ చెప్పుడు" అన్నాడు.

వచ్చే శనివారం కూడా మాటల్లేని సినిమానే వేస్తారట, కొత్తూరు నుంచి రా అన్నా. అమ్మ పక్కన నువ్వు కూర్చో.

నీ చెల్లె