మేజోళ్ళు తొడిగిన సీసాలు

బోన్, అక్టోబరు 9

ఏమోయ్ ఆర్మెల్,

మీ అక్క ఓదీల్ పోయి వచ్చే ఆదివారానికి ఏడాది. ఆనాటి భోజనంలోకి ధరకు తగ్గ ఎర్ర వైన్ ఎంచాలని మూడు ధరల్లో మూడు సీసాలు తెచ్చాను. ఇదివరకైతే ఏది ఏదో తెలియకుండా సీసాలకు నా మేజోళ్ళు తొడిగి, తనే పోసిచ్చేది. ఏది ఎంత ధరదో నేను తప్పు చెబితే, "మీరు మెచ్చేది వైన్‌ని కాదండీ, ధరని!" అని నవ్వేది.

నిన్న నేనే తొడిగి, కళ్ళు మూసుకుని అటూ ఇటూ మార్చాను. లాభం లేకపోయింది. ఒక్కో మేజోడు చిరుగుకు తను వేసిన కుట్టు ఒక్కో రకం. చెయ్యి తగలగానే తెలిసిపోతోంది.

కొత్తవి కొనుక్కోమని రాయకు. శనివారమే దిజోన్ నుంచి వచ్చి, నువ్వు పోసివ్వు. నేను గోడవైపు తిరిగి కూర్చుంటాను. తప్పు చెబితే మాత్రం మొహమాటపడి నవ్వకుండా ఉండకు.

నీ బావ