రేవులో హారన్

బహదూర్‌పురా, హైదరాబాదు
1941 నవంబరు

పోలయ్య అన్నయ్యకు,

మీరు నన్ను చూడలేదు. మా ఆయన బేగంబజార్ షావుకారు మోటరు నడిపేవారు. ఏటా చలికాలంలో ఆ కుటుంబాన్ని కోనసీమ తిప్పడానికి వచ్చి, మీ పంటు మీదనే మోటరును గోదావరి పాయ దాటించేవారు. మీరు ఆయనను “నైజాం బావా” అని పిలిచేవారట. అందుకే అన్నయ్యా అని రాస్తున్నాను.

ఇంటికి వచ్చాక ఎన్నాళ్లయినా ఆ ముచ్చట్లే. “పొద్దుగాల కాలువ గట్టెంబడి పోయి, కొబ్బరితోటలన్ని సుట్టి, సముద్రం జూసి, పొద్దుగూకెటాలకు మళ్ల గా రేవుకే వస్తం. రెండు పొట్టి హారన్లు, ఒక పొడుగుది కొడితే సాలు, అవుతలి ఒడ్డున పోలయ్య పంటు ఇప్పుతడు” అనేవారు. నన్నూ ఒకసారి తీసుకుపోతానన్నారు. షావుకారు మోటరులో నాకు చోటేదంటే నవ్వేవారు. నేను మూసీ తప్ప మరో నది చూడలేదు.

మొన్న శ్రావణంలో జ్వరం వచ్చి ఆయన పోయారు.

వచ్చే నెల అదే మోటరు మీ రేవుకు వస్తుంది. నడిపేది బాలనర్సింహ. ఆయన దగ్గరే పని నేర్చుకున్నాడు, హారన్ కూడా అచ్చం ఆయనలాగే కొడతాడు. అది విని, బావ వచ్చాడని మీరు సంబరపడి ఎదురు రాకూడదనే ఈ ఉత్తరం.

ఆయన సాయంత్రం ఇంటికి వస్తూ మా గల్లీ మొగదల కూడా అలాగే కొట్టేవారు. ఇప్పుడు బాలనర్సింహ అటుగా పోతూ కొట్టే ఆ మోత వినగానే నేను లేచి చాయ్‌కి నీళ్లు పెడుతున్నాను. అవి మరిగాక గుర్తొస్తుంది.

వేరేగా కొట్టమని చెబుదామని రెండుసార్లు బాలనర్సింహ ఇంటిదాకా వెళ్లాను. చెప్పలేక తిరిగి వచ్చాను. అన్నయ్యా, మీరు కూడా చెప్పకండి.

మీరు చూడని చెల్లెలు